గురివమ్మ బండ మీద రెండో వత్తి

బస్సు దిగినవారు మొట్టమొదట అడిగేది గుడి ఎక్కడ అని. గుడి లేదండీ. గోపురం కోసం తలెత్తి వెతికి మెడ నొప్పి తెచ్చుకోకండి. రోడ్డు మీద నిలబడి పడమటికి చూస్తే తుమ్మచెట్ల వెనుక ఏనుగు పడుకున్నట్టు ఒక నల్లబండ కనిపిస్తుంది. అదే గురివమ్మ బండ. జాలవంక అనే వాగు దాటితే బండలోనే తొలిచిన మెట్లు వస్తాయి. పైన కళ్లమంత చదును జాగా ఉంటుంది. దాని తూర్పు అంచున నాలుగు రాతి కంబాలు, వాటి మీద పరిచిన ఒక పలకబండ, ఆ నీడలో మోకాలెత్తు రాయి. ఆ రాతికి ముఖం లేదు. కళ్లు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. రెండు చెవులు మాత్రం ఉన్నాయి. రెండు తమ్మెలకూ రంధ్రాలు ఉన్నాయి. ఆ తల్లే గురివమ్మ.

ఇక్కడికి రెండు రకాల మనుషులు వస్తారు. పసిపిల్లలకు చెవులు కుట్టించడానికి వచ్చేవారు ఒక రకం. వీరు ఆదివారాలు వస్తారు, కంసాలిని వెంట తెచ్చుకుంటారు, పొంగలి వండుకుంటారు, పిల్ల ఏడ్చి ఊరుకోగానే ఆటో ఎక్కుతారు. రెండో రకం సంఘాలవారు. వంక నీటి కోసం, బంజరు భూమి కోసం, కొండను పిండి చేసే క్వారీని ఆపడం కోసం, కూలి రేటు కోసం ఊరూరా తిరిగేవారు. నలుగురితో ఒక మాట అనుకోవలసి వచ్చినప్పుడు వీరు టౌనులో హాలు వెతకరు, ఇక్కడికి వచ్చి బండ మీద గుండ్రంగా కూర్చుంటారు. ఇక్కడి పూజారిని నేను, మైకు తెచ్చినవారిని మెట్ల దగ్గరే ఆపేస్తాను. కుర్చీ తెచ్చినవారిని కూడా. ఎంత పెద్ద నాయకుడైనా సరే, ఈ బండ మీద నేల మీదే కూర్చోవాలి.

ఈ రెండు రకాల మనుషులూ రాని రోజుల్లో ఇక్కడ ఉండేది నేనూ, అమ్మవారూ, పలకబండ సందులో కాపురముండే ఒక తొండా. అమ్మవారికి చెవులున్నాయి కాబట్టి నేను మాట్లాడుతూనే ఉంటాను. నోరు లేదు కాబట్టి జవాబు రాదు. పొద్దు వాలితే వంక అవతల ఊళ్లలో పొయ్యిల పొగ లేస్తుంది, ఎవరో ఎవరినో అన్నానికి పిలుస్తారు, ఆ కేక ఇంత దూరం వినబడుతుంది. అది నాకు కాదని తెలిసి కూడా ఒక్కోసారి తల తిప్పుతాను. స్థల పురాణంలో పూజారి గోడు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి, దానికీ ఒక కారణం ఉంది.

మెట్ల పక్కన సున్నంతో రాసిన బోర్డు మీరు చూసే ఉంటారు. ‘దిగేటప్పుడు గుంపుగా దిగరాదు. ఒక్కొక్కరే దిగవలెను’ అని. మెట్లు జారుడుగా ఉంటాయేమోనని యాత్రికులు అనుకుంటారు. అదేమీ లేదు. మేకలు ఎక్కి దిగుతుంటాయి, ఒక్కటి కూడా జారలేదు. ఆ ఆచారం వేరే, దాని సంగతి చివర చెబుతాను.

పూర్వం ఇక్కడ జాలవంక ఏడాది పొడవునా పారేది. దాని నీళ్ల మీద నాలుగు ఊళ్లు బతికేవి. ఊటకుంట, కొర్రలపల్లె, బూడిదమిట్ట, దొడ్లదిన్నె. ఆ కాలంలో ఈ సీమను బూరుగుకోట పాలెగాడు ఏలేవాడు. అతనికి మామిడితోపు మీద మనసు పడింది. వంకకు ఎగువన రాతికట్ట కట్టించి, నీళ్లన్నీ తన తోపుకు మళ్లించుకున్నాడు. ఒక్క ఎండాకాలం గడిచేసరికి నాలుగు ఊళ్ల బావులూ అడుగంటాయి. ఆడవాళ్లు వంకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి, కడవ నిండడానికి ఒక పూట కూర్చునేవారు. పశువులను తోలుకుని కొందరు ఊరు విడిచి వెళ్లిపోయారు.

ఊటకుంటలో కోనప్ప అనే పెద్దమనిషి ఉండేవాడు. పెద్దమనిషి అంటే మీసం దువ్వుకుని తీర్పులు చెప్పేవాడు కాదు. ఏదైనా పని చేయాలంటే అందరి చేతా ఔననిపించుకుని గానీ అడుగు వేయని చాదస్తుడు. ‘ఒక్కడు కాదన్నా పని చెయ్యగూడదు, కాదన్నోడి బాధ ఏందో ఇనాల’ అనేవాడు. ఆయన పిలుపు మీద నాలుగు ఊళ్లవారూ మొదటిసారి ఈ బండ ఎక్కారు. అప్పటిదాకా ఊళ్లలో జరిగే సభల్లో పెద్దకులాలవారు నీడన కూర్చుంటే వాడలవారు ఎండలో నిలబడేవారు, ఆడవాళ్లు అసలు వచ్చేవారు కారు. కోనప్ప అందరినీ ఒకే వలయంలో కూర్చోబెట్టాడు. ఆడవాళ్లను పిలిచాడు. పశువుల కాపరులను పిలిచాడు. చూపు లేని ముసలమ్మను తన సొంత మనవడి చేత మోయించి తెప్పించాడు. ‘ఈయన పుణ్యమా అని ఈ పొద్దు పిల్లికి గూడా పీట ఏసినారు’ అని వెనక నుంచి ఎగతాళి చేసినవారూ ఉన్నారు. ఆయన పట్టించుకోలేదు.

సభ నడిపే పద్ధతి కూడా ఆయన పెట్టిందే. ఒక రాగిచెంబు వలయంలో చేతులు మారుతూ తిరుగుతుంది. చెంబు ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి, మిగతావారు నోరు మూసుకుని వినాలి. గొంతు పెద్దవాళ్లు చివరికి, గొంతు చిన్నవాళ్లు మొదటికి. మధ్యలో ప్రమిదలో ఒక వత్తి వెలుగుతుంటుంది. అది వెలుగుతున్నంతసేపూ ఎవరూ లేచి వెళ్లిపోకూడదు. అది ఆరేలోగా కాదనవలసినవారు కాదనాలి. ఆరిపోయేదాకా మాట్లాడనివారు ఔనన్నట్టే లెక్క. విన్నవారు ఇంత చక్కని పద్ధతి ఎక్కడా లేదన్నారు. కోనప్పకు కూడా కాస్త గర్వంగానే ఉండేదట. ఉండదా మరి, మనిషే కదా.

ఇప్పుడు ఈరక్క సంగతి చెప్పాలి. పాలెగాడి కట్టకు రాళ్లు కొట్టడానికి ఎక్కడి నుంచో ఒక గుంపు వచ్చింది. గాడిదల మీద సామాను వేసుకుని, పని ఉన్నచోట గుడిసెలు వేసుకుని, పని అయిపోతే కదిలిపోయే జనం. ఆ గుంపులోని మనిషి ఈరక్క. కట్ట పనిలో బండ దొర్లి ఆమె మొగుడు చనిపోయాడు. పని పూర్తవుతుండగా జ్వరం వచ్చి ఆమె కూతురు చనిపోయింది. ఇంకా చెవులు కూడా కుట్టించని పసిపిల్ల. మొగుణ్ణి గుంపువాళ్లు కట్ట దగ్గరే దహనం చేశారు. పసిపిల్లను మట్టిలోనే పెట్టాలి, ఆ మట్టి కావాలని ఈరక్క పిల్లను గుడ్డలో చుట్టుకుని ఊరి నుంచి ఊరికి తిరిగింది. నాలుగు ఊళ్లవారూ తమ శ్మశానంలో చోటు లేదన్నారు. కట్ట కట్టినవాళ్ల బిడ్డకు మా మట్టి ఎందుకివ్వాలి అన్నారు. వారి కడుపుమంట వారిది. ఆమె చివరికి నీళ్లు లేని వంక గట్టునే, కట్టకు దిగువన, పిల్లను పూడ్చిపెట్టింది.

ఆమెకు రాళ్లు కొట్టడం తెలుసు గానీ బొమ్మ చెక్కడం రాదు. అయినా మొగుడి ఉలి తీసుకుని, మోకాలెత్తు రాయి ఒకటి ఏరుకుని, పిల్ల ముఖం చెక్కబోయింది. ముందు చెవులు చెక్కింది. ఎందుకంటే పిల్లకు చేయవలసి ఉండి చేయలేకపోయిన ముచ్చట అదే. ఆ రెండు రాతి తమ్మెలకూ తన చేత్తోనే రంధ్రాలు వేసింది. ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరలేదు. కుదరని ముఖం పెట్టడం ఇష్టం లేక అలాగే వదిలేసి, ఆ రాతిని గోరీ తలాపున నిలిపింది. గుంపు కదిలిపోయింది. రమ్మని వాళ్లు ఎంతో బతిమాలారు. బిడ్డను ఎవరికి అప్పగించి రాను అని ఆమె ఆగిపోయింది.

ఆ తరువాత ఆమెతో మాట్లాడిన మనిషి లేడు. నాలుగు ఊళ్లకూ ఆమె పరాయిదే. అడవిలో కట్టెలు ఏరి, సంత దారిలో పెట్టి దూరంగా కూర్చునేది. కొనేవారు గింజలు అక్కడ పోసి కట్టెలు తీసుకునిపోయేవారు, ధర కూడా అడిగేవారు కారు. రోజల్లా పెదవి కదపకుండా గడిచిపోయేది. సాయంత్రం గోరీ దగ్గర కూర్చుని ఆ రాతి చెవుల్లో ఆ రోజు సంగతులు చెప్పుకునేది. ఆమెకు ఎలా ఉండేదో ఈ బండ మీద కాపురం చేస్తున్న నాకు బాగా తెలుసు.

కట్ట తెంచాలా వద్దా అని కోనప్ప సభ పెట్టిన రోజున ఈరక్క కూడా వచ్చింది. కట్ట తెగితే నీళ్లు మొదట వచ్చి తగిలేది బిడ్డ గోరీకే. ఆ ఒక్క మాట చెప్పుకోవాలని వచ్చింది. అయితే పిలవని చోటికి పైకి ఎక్కడానికి జంకి, మెట్ల కింద నిలబడింది. పైనుంచి మాటలన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి. చూపు లేని ముసలమ్మ మాట్లాడింది, పశువుల కాపరులు మాట్లాడారు, ఒక కుర్రవాడు భయంగా ఉందన్నాడు, అతని భయం ఏమిటో అందరూ విన్నారు. అంతమందిని ఓపికగా అడుగుతున్నవారు తనను కూడా అడుగుతారని ఆ తల్లి నమ్మింది.

కోనప్ప చివరగా లేచి నిలబడి, ‘అన్ని ఊర్లూ అయినాయా?’ అని కేక వేశాడు.

‘అయినాయి’ అన్నారు నాలుగు ఊళ్లవారూ.

నిజమే కదా, అన్ని ఊళ్లూ అయ్యాయి. ఏ ఊరూ లేని మనిషి ఒకతి కింద నిలబడి ఉందని ఎవరికి తోస్తుంది? అడగడం తెలియని మొరటువాళ్లయితే ఈ పొరపాటు జరిగేదే కాదు. ఆమె ఎలాగూ ఆశ పడేది కాదు, ముందే అరిచి గోల చేసి ఉండేది. అందరినీ అడిగామని పొంగిపోయేవారి దగ్గరే ఇలాంటిది జరుగుతుంది. వత్తి ఆరిపోయింది. మాట్లాడనివారు ఔనన్నట్టే.

మరునాడు తెల్లవారుతూనే నాలుగు ఊళ్ల జనమూ గడ్డపారలతో వెళ్లి కట్ట తెంచారు. నీళ్లు వంకలోకి దూకాయి. పిల్లలు ఒడ్డు వెంట కేకలు పెడుతూ పరుగెత్తారు. ఆవులు మోకాళ్ల లోతున నిలబడి తాగాయి. ఆడవాళ్లు నీళ్లలో కూర్చుని నవ్వారట, ఏడ్చారట. గట్టు మీద ఇంకొక ఆడమనిషి కూడా పరుగెత్తింది. నీళ్ల కంటే ముందు చేరుకోవాలని పరుగెత్తింది. ఆ సంబరంలో ఆమెను చూసినవారు ఆమె కూడా సంతోషంతోనే పరుగెడుతోందని అనుకున్నారు. ఆమె చేరేసరికి గోరీ లేదు, రాయి లేదు, గట్టే లేదు.

సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. పాలెగాడు మనిషిని పంపాడు. కట్ట తెంచినవాళ్లు ఎవరో పొద్దు గుంకేలోగా పేర్లు చెప్పి పట్టిస్తే మిగతావారి జోలికి రాను, లేదంటే నాలుగు ఊళ్లూ తగలబెడతాను అన్నాడు. కోనప్ప మళ్లీ సభ పెట్టాడు. ఎవరి పేరూ చెప్పకూడదు, అందరమూ తెంచామని ఒకే మాట చెప్పాలి అనేది ఆయన ఆలోచన. కానీ ఒక్కరు జారినా ఆ మాట నిలవదు. అందుకని అందరి చేతా ఔననిపించాలి. చెంబు తిరగడం మొదలుపెట్టింది.

అప్పుడు ఈరక్క మెట్లు ఎక్కి వచ్చింది. ఎవరినీ చూడలేదు. వలయం దాటి నడుమకు వెళ్లి, చేతులు మారుతున్న చెంబును తీసుకుని, ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మాట్లాడలేదు. చెంబు వదలలేదు.

గోల లేచింది. ‘ఈయమ్మ ఎవురు?’ అన్నారు కొందరు. ‘కట్ట కట్టినోళ్ల మనిషి గదా!’ అన్నారు ఇంకొందరు. పాలెగాడి వేగు అయి ఉంటుందని ఒకడు కర్ర తీశాడు. కోనప్ప వాణ్ణి కూర్చోబెట్టి, ఆమెను అడిగాడు.

‘ఏమ్మా, ఏ ఊరు నీది?’

ఆమె పలకలేదు.

‘ఏ ఊరి తరఫున చెప్పడానికి వచ్చినావు?’

పలకలేదు. వత్తి వెలుగుతోంది. పొద్దు పడమటికి జారుతోంది. అడిగిందే మళ్లీ మళ్లీ అడిగారు, బతిమాలారు, తిట్టారు. ఆమె చెంబు వైపే చూస్తూ కూర్చుంది. చివరికి వత్తి రెపరెపలాడి ఆరిపోయింది. ‘అయిపాయ, ఔనన్నట్టే. పాండి పాండి, పొద్దు గుంకుతాంది!’ అని జనం లేచారు.

స్థల పురాణాల్లో ఇలాంటి చోట దేవుడు కలలో కనబడి ఏం చేయాలో చెబుతాడు. ఇక్కడ ఎవరికీ ఏ కలా రాలేదు. పట్టపగలు, ప్రాణాల మీదికి వచ్చిన వేళ, నిద్రపోయింది ఎవరు? కోనప్ప మాత్రం లేవలేదు. ఆరిన వత్తి వైపు చూశాడు, ఆ తల్లి వైపు చూశాడు. మాట్లాడనిది ఔనన్నట్టు ఎట్లా అవుతుందని ఆయనకు ఆ క్షణాన మొదటిసారి తోచింది. తలగుడ్డ అంచు చించి, పేని, నూనెలో ముంచి, రెండో వత్తి వెలిగించాడు. ‘కూసోండి’ అన్నాడు. ఆయన గొంతు విని అందరూ కూర్చున్నారు. ఆయన తన చోటు వదిలి వచ్చి ఈరక్కకు ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. ఊరు అడగలేదు, తరఫు అడగలేదు.

‘అమ్మా, నీ మాటేంది?’ అన్నాడు.

ఆమె పెదవులు కదిలాయి. చాలా కాలంగా వాడని గొంతు కాబట్టి మొదట మాట రాలేదు. అందరూ అలాగే ఎదురుచూశారు.

‘నా బిడ్డ పేరు మీలో ఎవురికన్నా తెలుసునా?’ అంది.

ఎవరికీ తెలియదు. చోటు లేదన్న నాలుగు ఊళ్లలోనూ ఒక్కరు కూడా పిల్ల పేరు అడగలేదు.

‘గురివి’ అంది ఆమె. ‘దాని పేరు గురివి. వంక గట్టున పెట్టుకున్న్యా. మీ నీళ్లకు కొట్టుకపాయ.’

కోనప్ప తల వంచుకున్నాడు. ‘సభ నాడు నువ్వు యాడుంటివమ్మా? వచ్చి వద్దని చెప్పగూడదా?’

‘ఈ బండ కిందనే ఉంటి. చెంబు నా కాడికీ వస్తాదేమోనని చూస్తా ఉంటి. కట్ట తెంచొద్దు అనేదాన్ని గాదయ్యా. నీళ్లు లేక మీ పిల్లోళ్లు ఏడ్సేది నేనూ ఇన్న్యా. ఒక్క పూట ఆగండి, నా బిడ్డను ఎత్తుకోని మిట్టకు మోసుకుంటా అనేదాన్ని. అంతే.’

ఒక్క పూట! ఎన్నో నెలలు దాహంతో గడిపినవారు ఒక్క పూట ఆగలేకపోయేవారా? అడిగి ఉంటే ఆ పిల్లను మోయడానికి వారే భుజాలు ఇచ్చేవారు కదా. కర్ర తీసినవాడు ముందుగా ఏడ్చాడట. వలయంలోని చూపు లేని ముసలమ్మ ‘గురివీ’ అని మెల్లగా పిలిచింది. పక్కనున్నామె పిలిచింది. అలా ఆ పేరు చెంబు తిరిగినట్టే వలయమంతా ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి తిరిగి తల్లి దగ్గరకు వచ్చింది. అప్పుడామె చెంబు కోనప్ప చేతికిచ్చింది.

‘పాలెగాడికి అందరమూ తెంచినామనే చెప్పండి. తెంచినోళ్లలో నన్ను గూడా కలుపుకోండి. ఈసారన్నా’ అంది.

కలుపుకున్నారు. పొద్దు గుంకేలోగా వంక అవతల నిలబడిన పాలెగాడి మనిషి ముందు నాలుగు ఊళ్ల జనంతో పాటు ఆమె కూడా నిలబడింది. ఎవరు తెంచారు అంటే అందరూ ఒకే గొంతుతో మేమే అన్నారు. కట్టకు రాళ్లు కొట్టిన మనిషి కూడా మేమే అనడం విని ఆ వచ్చినవాడు తెల్లబోయాడని చెబుతారు. అంతమందినీ పట్టుకుపోయే బలగం పాలెగాడి దగ్గర లేదు, అంతమందినీ చంపితే పన్ను కట్టే దిక్కు ఉండదు. అతడు ఆ కట్ట మళ్లీ కట్టలేదు. దాని మొండి గోడలు ఎగువన ఇప్పటికీ ఉన్నాయి. చూడదలచినవారు చెప్పులు వేసుకుని వెళ్లండి, పల్లేరుకాయలు ఎక్కువ.

వంక నీరు తేరుకున్నాక, బొజ్జయ్య అనే మేకల కాపరికి దిగువన ఇసుకలో ఒక మేక ముంగాళ్లతో అదే పనిగా తవ్వుతూ కనిపించింది. వెళ్లి చూస్తే రెండు చెవులున్న రాయి. అతడు దాన్ని భుజాన వేసుకుని నేరుగా ఈరక్క దగ్గరకు తెచ్చాడు. పిల్ల దొరకలేదు, రాయి దొరికింది. దాన్ని ఏ ఊళ్లో నిలపాలి అని నాలుగు ఊళ్లూ పోటీ పడ్డాయి. ఈరక్క ఏ ఊళ్లోనూ వద్దంది. బిడ్డ పేరు మొదటిసారి నలుగురూ పలికిన చోటే బిడ్డ ఉంటుందని ఈ బండ మీద నిలిపింది. మీరు చేతులెత్తి మొక్కుతున్న తల్లి ఎవరో ఇప్పుడు తెలిసిందా? చెవులు కుట్టించుకోకుండా పోయిన ఒక పసిపిల్ల. అందుకే ఈ సీమలో పిల్లల చెవులు మొదట ఇక్కడ కుట్టిస్తారు. కుట్టేటప్పుడు పిల్ల పేరును చుట్టూ ఉన్నవారందరూ ఒక్కసారి పలకాలి. అలా పలికించిన పిల్లలు పరాయి ఊళ్లో కూడా దిక్కులేనివారు కారని ఇక్కడివారి నమ్మకం.

ఈరక్క బతికినంతకాలం బండ మీదే ఉంది. మా ఇంటికి రమ్మని ఎంతమంది పిలిచినా వెళ్లలేదు. ఆమె దుఃఖం తీరిపోయిందని నేను రాయను. తీరలేదు. అందరూ పలకరించేవారు, గింజలు తెచ్చి చేతికే ఇచ్చేవారు, ఆమె నవ్వేది కూడా. అయినా సాయంత్రమయ్యేసరికి ఆ రాతి చెవుల దగ్గరే కూర్చునేది. ఆమె చనిపోయాక బండ మొదట్లోనే పూడ్చారు. మెట్లకు ఎడమవైపు ఉన్న ఎత్తైన రాళ్ల కుప్ప అదే, దాని మీద సామాను పెట్టకండి. ఆమె తరువాత ఈ బండకు పూజారిగా నాలుగు ఊళ్లలో ఏ ఊరికీ చెందనివారినే పెట్టాలని సభలో అనుకున్నారు. ఆ వరసలో ఇప్పుడున్నవాణ్ణి నేను. టౌనులో అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాణ్ణి. ఆఫీసు మూతపడింది, ఇంటిది పోయింది, పిల్లలు కలగలేదు. నాకు ఏ ఊరూ లేదని విచారించి తేల్చుకున్నాకే ఇక్కడ పెట్టారు. అర్హత అంటే అదే.

కోనప్ప పెట్టిన పద్ధతి నేటికీ నడుస్తోంది, రెండు మార్పులతో. సభ మొదలయ్యే ముందు పూజారి బండ చుట్టూ తిరిగి, నాలుగు దిక్కులకూ కేక వేయాలి. ‘ఏ ఊరికీ చెందనివారు ఎవరన్నా ఉంటే పైకి రండి. మీ మాట మాకు కావాల’ అని. అప్పుడు వత్తి వెలిగిస్తారు. సభ సాగి, అది ఆరిపోయాక కూడా లేవకుండా, రెండో వత్తి వెలిగించి, అంతవరకు నోరు విప్పనివారి దగ్గరకు ఎవరో ఒకరు లేచి వెళ్లి నీ మాటేంది అని అడగాలి. సంఘాలవారిలో దీని మీద విసుక్కునేవారు లేకపోలేదు. బస్సు పోతుందంటారు, ఒక్కరి కోసం ఇంతమందిమి ఆగాలా అంటారు. ఆగాలి. బస్సు రేపూ వస్తుంది.

ఎన్నో ఏళ్లుగా ఆ కేక వేసేది నేనే. కేక వేసి, మండపం పక్కన నా చోట కూర్చుంటాను. మొదట కొన్నేళ్లు నాకేమీ అనిపించలేదు. తరువాత తరువాత సభ ముగిసే వేళ దగ్గరపడితే వత్తి ఆరకూడదని దాని వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. అప్పటిదాకా బండ నిండా మాటలు, దగ్గులు, నవ్వులు. అంతలోనే అందరూ లేచి, గుంపుగా, కబుర్లు చెప్పుకుంటూ ఒక్కసారిగా దిగిపోతారు. ఆటోలు కదిలిన చప్పుడు. ఆ తరువాత తొండ, నేనూ. ఇది చెప్పుకోవడానికి ఎవరున్నారు? పిలిచేవాణ్ణి నేనే కాబట్టి నన్ను పిలిచేవారు లేరు.

కిందటి చలికాలంలో క్వారీ విషయమై పెద్ద సభ జరిగింది. మాబున్నీ అనే ఆమె నడిపింది. మామిడితాండ్ర చేసే ఆడవాళ్ల సంఘం ఆమెది, మాట కరుకు. మొదటి వత్తి ఆరింది. ఆమె రెండోది వెలిగించి, చెంబు తీసుకుని, వలయంలో ఎవరి దగ్గరా ఆగకుండా దాటి వచ్చి నా ముందు కూర్చుంది.

‘తాతా, నీ మాటేంది?’ అంది.

‘నాదేముందమ్మా, పూజారిని’ అన్నాను.

‘పూజారి మాట గాదు. నీ మాట.’

చెంబు నా చేతిలో పెట్టింది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. ఒక్క అమ్మవారితో తప్ప ఎవరితోనూ నా సంగతి మాట్లాడి ఎరగను. అంతమందీ నా వైపు చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ గడియారం చూసుకోలేదు. రెండో వత్తి కూడా ఆరిపోయింది. ఇక అయిపోయిందనుకుని చెంబు తిరిగి ఇవ్వబోయాను. మాబున్నీ కొంగు అంచు చించి ఇంకొక వత్తి పేనుతోంది. అది చూసి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పాను.

‘సభ అయినాక అందరూ ఒక్కసారి దిగిపోవద్దండి. ఒక్కొక్కరే దిగండి’ అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎందుకని కూడా అడగలేదు. చెంబు వలయమంతా తిరిగింది, అందరూ ఔనన్నారు. ఆ రోజు వారు ఒక్కొక్కరే లేచి, నా దగ్గర ఆగి, ‘పోయొస్తా తాతా’ అని చెప్పి దిగారు. అంతమంది దిగేసరికి చాలాసేపు పట్టింది. చివరగా మాబున్నీ దిగింది. బోర్డు మీద సున్నంతో ఆ అక్షరాలు రాసింది కూడా ఆమే.

కాబట్టి యాత్రికులారా, పిల్లలకు చెవులు కుట్టించి వచ్చిన దారినే వెళ్లేవారైనా, సభ ముగించి వెళ్లేవారైనా, గుంపుగా దిగకండి. ముందు దిగినవారు కింద ఈరక్క రాళ్ల దగ్గర ఆగి వెనకవారి కోసం చూడండి. ఆ తల్లి మీద ఒక రాయి ఉంచండి. అలా ఆగినవారికి తమ కోసం ఆగేవారు ఎక్కడైనా దొరుకుతారు, అది ఈ బండ మహిమ. చివరగా మిగిలినవారు తొందరపడకండి, పోయొస్తానని ఒక మాట చెప్పి దిగండి. నేను మెట్ల దగ్గరే కూర్చుని ఉంటాను.